ముందు ఆ ట్యూబ్‌లైటు సంగతి చూడు

అమ్మాయీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ ఆఫీసులో వికలాంగుల కోసం వేసిన కమిటీలో నీకు చోటిచ్చారని, మొదటి మీటింగులో రెండు గంటలు కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేకపోయావని, ఇంటికొచ్చి రెండు రోజులు చీకటి గదిలోంచి బయటికి రాలేదని రాశావు. చివర్లో ‘నేను ఈ పనికి పనికిరానేమో మేడమ్’ అన్నావు. మేడమ్ వద్దు, పెద్దమ్మా అను. ఇక పనికిరాకపోవడం సంగతి. నలభై ఆరేళ్ళ వయసులో నాకూ నీలాగే ఆటిజం ఉందని తెలిసిన కొత్తలో నేనూ అదే మాట అనుకున్నాను, చాలాకాలం నమ్మాను కూడా. అందుకని ఊరికే ధైర్యం చెప్పి ఊరుకోను. చేయాల్సిన పనులు చెబుతాను.

నీ ఉత్తరంలో నువ్వు మాటవరసకి అనేసి వదిలేసిన ముక్క ఒకటుంది. ‘నా కుర్చీకి సరిగ్గా పైన ఒక ట్యూబ్‌లైటు కొట్టుకుంటూ ఉంది’ అన్నావు చూడు, అది. నేను మాత్రం పెన్సిలు తీసుకుని దాని కిందే గీత గీశాను.

పాతకాలపు చోక్ ఉన్న ట్యూబ్‌లైటు బాగున్నప్పుడే సెకనుకి 100 సార్లో 120 సార్లో మిణుకుమంటుంది. చాలామందికి అది తెలియనే తెలియదు. నాకు తెలుస్తుంది. దానికి తోడు చోక్ చేసే జుయ్‌మనే చప్పుడు. ఇక పాడైపోయి కొట్టుకుంటున్న లైటు గురించి చెప్పక్కర్లేదు. ఇదంతా మన సుకుమారం అనుకోకు. వెలుగు, చప్పుడు, వాసన, స్పర్శ లాంటివి అతిగా తగలడమో, అసలు తగలకపోవడమో ఆటిజం లక్షణాల్లో ఒకటని 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లో, అంటే మానసిక వైద్యులు నిర్ధారణకి వాడే అమెరికన్ పుస్తకంలో, డాక్టర్లే రాసుకున్నారు. ఆ రెండు గంటలూ నీ శక్తంతా ఆ లైటుని తట్టుకోవడానికే సరిపోయింది. మాటకి మిగల్లేదు.

నాకు జరిగింది చెబుతాను విను. ఒకచోట ఇలాంటి కమిటీలోనే నేనూ ఉండేదాన్ని. ఆ రోజు ఎజెండాలో మూడో అంశం ఒక చిన్న గది గురించి. ఎవరికైనా తల బరువెక్కితే కాసేపు నిశ్శబ్దంగా కూర్చోవడానికి ఇచ్చిన గది అది. దాన్ని ఫైళ్ళు పెట్టుకోవడానికి వాడుకుందామా అని చర్చ. ఆ గది అందరికంటే ఎక్కువగా వాడేది నేనే. ఏసీ గర్రుమంటోంది. పక్కాయన పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు, ప్రతిసారీ టిక్కుమంటోంది. ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను ఒళ్ళో ఉన్న చేతిసంచి జిప్పు పళ్ళ మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తూ కూర్చున్నాను. చెప్పాల్సిన వాక్యం తలలో సిద్ధంగా ఉంది, పదం పదం కనిపిస్తోంది. గొంతు దాకా వస్తోంది, అక్కడ ఆగిపోతోంది. అధ్యక్షుడు నా వైపు తిరిగి ‘మీకేం అభ్యంతరం లేదుగా?’ అన్నారు. మూడు సెకన్లు చూశారు. ‘సరే, మౌనం అర్ధాంగీకారం’ అని నవ్వి, రాసేసుకున్నారు. మర్నాటికి ఆ గది నిండా అట్టపెట్టెలు.

నా గది నా కళ్ళముందే పోయింది. పైగా నేను ఒప్పుకున్నట్టు మినిట్స్‌లో ఉంది. ‘మేం లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ వద్దు’ అని వికలాంగుల ఉద్యమం దశాబ్దాలుగా అంటోంది. కుర్చీ వేసి కూర్చోబెడితే మనం ఉన్నట్టు లెక్కేస్తారు. మాట్లాడే వీలు లేనప్పుడు మనం అక్కడ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అందుకే చెబుతున్నాను, హక్కుల పనిలో నువ్వు చేయాల్సిన మొదటి పని ఆ ట్యూబ్‌లైటు మార్పించుకోవడం.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మన తంటా అంతా ఆ అడగడం దగ్గరే ఉంది. ఎదురుపడి అడగాలంటే గొంతు పెగలదు, పెగిలినా మొహమాటం అడ్డొస్తుంది. కాబట్టి రాసి అడుగు. మీటింగుకి వారం ముందే అడుగు. రాసేటప్పుడు నీ డయాగ్నోసిస్‌తో మొదలుపెట్టకు. ‘నాకు ఆటిజం ఉంది, దయచేసి అర్థం చేసుకోండి’ అని రాస్తే, చదివినవాళ్ళు జాలిపడి, ఏం చేయాలో తెలియక, ఏమీ చేయరు. కావలసిన వస్తువుని, పనిని పేరు పెట్టి అడుగు. ఇదిగో, ఇలా రాస్తే చాలు:

‘వచ్చే మీటింగులో నేను పూర్తిగా పాల్గొనడానికి ఈ ఏర్పాట్లు కావాలి. గదిలో కొట్టుకుంటున్న ట్యూబ్‌లైటు మార్చాలి, కుదరకపోతే ఆ రోజుకి ఆర్పేయాలి. ఎజెండా రెండు రోజుల ముందు నాకు రాతలో పంపాలి. నా అభిప్రాయం మీటింగయ్యాక రెండు రోజుల లోపు రాసి పంపిస్తాను, దాన్ని మినిట్స్‌లో చేర్చాలి. అప్పటిదాకా నా మౌనాన్ని అంగీకారంగా రాసుకోవద్దు.’

ఆ చివరి వాక్యం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకు. నా గది పోయాక నేర్చుకున్న వాక్యం అది.

ఇది ఎవరి దయా కాదని నీకు ముందు తెలిసుండాలి. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 2006లో ఆమోదం పొంది 2008లో అమల్లోకి వచ్చింది. 180కి పైగా దేశాలు దానికి కట్టుబడతామని మాటిచ్చాయి. అందులో రెండో అధికరణం ‘సహేతుకమైన సర్దుబాటు’ అంటే ఏమిటో చెబుతుంది. మనకి అవసరమైన, తగినదైన, అవతలివాళ్ళకి మోయలేని భారం కాని మార్పు అందులోకి వస్తుంది. అలాంటి మార్పుని నిరాకరించడం కూడా వివక్షే అని అక్కడే స్పష్టంగా ఉంది. ఒక ట్యూబ్‌లైటు ఎవరికీ మోయలేని భారం కాదు. నాలుగో అధికరణంలో ఇంకో మాట ఉంది. వికలాంగుల గురించి నిర్ణయాలు చేసేటప్పుడు వాళ్ళని దగ్గరగా సంప్రదించాలి, వాళ్ళ సంస్థలని కలుపుకుపోవాలి. మీ దేశపు చట్టం ఈ సర్దుబాటుని ఏ పేరుతో పిలుస్తుందో చూసి, సెక్షన్ నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకో. మొదటి లెటర్లోనే దాన్ని ఎత్తొద్దు. మామూలుగా అడిగితే అయిపోయే పనికి చట్టం తీస్తే ఎదుటివాళ్ళు బిగుసుకుపోతారు. రెండోసారి కూడా జవాబు రాకపోతే అప్పుడు తియ్యి, ఏమాత్రం సంకోచించకు.

ఇంకో విషయం. త్వరలోనే నిన్ను ‘మీ కథ చెప్పండి’ అని అడుగుతారు. స్టేజీ ఎక్కిస్తారు, మైకు ఇస్తారు. చిన్నప్పుడు బడిలో పడ్డ అవమానాలు, తట్టుకోలేక అదుపు తప్పిపోయిన మెల్ట్‌డౌన్లు, ఇంట్లో ఏడుపులు, అన్నీ వినాలని ఉంటుంది వాళ్ళకి. విని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతారు. లైటు మాత్రం అలాగే కొట్టుకుంటూ ఉంటుంది. నేను చాలా ఏళ్ళు అలా చెప్పాను. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేం. నా జీవితంలో అత్యంత బాధాకరమైన మధ్యాహ్నం గురించి ముక్కూమొహం తెలియనివాళ్ళు లిఫ్టులో నన్ను అడిగారు. నువ్వు ముందే ఇంట్లో కూర్చుని రెండు జాబితాలు రాసుకో, చెప్పేవి ఇవీ, ఎవరడిగినా చెప్పనివి ఇవీ అని. కథ చెప్పిన ప్రతిసారీ దాని చివర ఒక కోరిక ఉండాలి, ఫలానాది మార్చండి అని. కోరిక లేని కథ అడిగితే ‘ఈసారికి వద్దండీ’ అను.

‘మిమ్మల్ని చూస్తే ఆటిజం ఉన్నట్టు అనిపించదే’ అనేవాళ్ళు ఎదురవుతారు. మెచ్చుకోలు అనుకునే అంటారు చాలామంది. పాఠం చెప్పే ఓపిక ఉంటే చెప్పు, లేకపోతే ‘అవును, చాలామందికి అనిపించదు’ అని పనిలోకి వెళ్ళిపో. ఆటిజం వాళ్ళకి కనపడకుండా ఉండటానికి నువ్వు ఎంత మాస్కింగ్ చేస్తున్నావో, అంటే ఎంత దాచుకుని అందరిలా నటిస్తున్నావో, దానికి సాయంత్రం ఏం ఖర్చవుతోందో నీకు తెలుసు. ‘మీకు ఎదుటివాళ్ళ మనసు తెలియదట కదా’ అని కూడా అంటారు. దీనికి డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో మంచి జవాబిచ్చారు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది, మనకి వాళ్ళు ఎంత అర్థం కారో వాళ్ళకి మనమూ అంతే అర్థం కాము, తప్పంతా ఒకవైపు నెట్టడం సరికాదన్నది ఆయన వాదన. నాకు ఇది చదివిన రోజు భుజాల మీద బరువు దిగినట్టయింది.

అలాగని మనమందరం ఒకటి కాదు. నీకు ఉద్యోగం ఉంది, రాయగలవు, చాలా రోజులు మాట్లాడగలవు. మాటే రానివాళ్ళు, టాబ్లెట్‌లో బొమ్మలూ అక్షరాలూ నొక్కి మాట్లాడేవాళ్ళు, రోజంతా తోడు కావలసినవాళ్ళు ఉన్నారు. ‘మేము’ అనే ముందు వాళ్ళని తలుచుకో. కమిటీలో నీకు దొరికిన మొదటి అవకాశంలోనే ‘మాట్లాడనివాళ్ళని ఎవరు అడిగారు? ఎలా అడిగారు?’ అని అడుగు. ఆ ఒడంబడికలోనే పన్నెండో అధికరణం ఉంది, తమ నిర్ణయాలు తాము చేసుకునే హక్కు వికలాంగులందరికీ సమానమని. సాయం కావాలంటే సాయం ఇవ్వాలి, వాళ్ళ బదులు ఇంకొకరు నిర్ణయించకూడదని 2014లో దాని మీద వివరణ కూడా ఇచ్చారు. తల్లిదండ్రులతో నీకు వాదనలు వస్తాయి. వాళ్ళని శత్రువులుగా చూడకు. చాలామంది రాత్రిళ్ళు నిద్రలేక, భయపడి ఉన్నవాళ్ళు. అయినా బిడ్డ గురించి బిడ్డ ముందే, అక్కడ లేనట్టు మాట్లాడుతుంటే మాత్రం ఊరుకోకు.

మనకంటే ముందు నడిచినవాళ్ళ నుంచి ఒక చిన్న చిట్కా చెబుతాను. 1992లో జిమ్ సింక్లెయిర్, మరికొందరు ఆటిస్టిక్ మనుషులు కలిసి ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అని మొదలుపెట్టారు. వాళ్ళు కలుసుకునే చోట రంగుల బ్యాడ్జీలు పెట్టుకునేవాళ్ళు. ఎరుపైతే ఇప్పుడు నాతో మాట్లాడొద్దు. పసుపైతే తెలిసినవాళ్ళు మాట్లాడొచ్చు. ఆకుపచ్చైతే మాట్లాడాలని ఉంది, మొదలుపెట్టడం కష్టం, మీరే రండి. ఆ మూడో రంగు చూసి నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను. నా బాల్యమంతా ఆకుపచ్చ బ్యాడ్జీ లేని ఆకుపచ్చ పిల్లనే. మీ కమిటీలో ఇలాంటివి మొదలుపెట్టడానికి మూడు రంగుల కాగితం సరిపోతుంది.

ఇక ఇంటి సంగతి. మీటింగు ఉన్న మర్నాడు ఖాళీగా పెట్టుకో. కుదిరితే సెలవు, కుదరకపోతే కనీసం ఫోన్లు లేని సాయంత్రం. ఏం తినాలో, ఏం కట్టుకోవాలో ముందే ఖాయం చేసుకో, ఆ రోజు నిర్ణయాలు మిగలకూడదు. చెవులకి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో. చేతులు కదిలించాలనిపిస్తే కదిలించు, అందరిముందూ అయినా సరే. నేను జిప్పు రాసుకోవడం ఇప్పటికీ మానలేదు, మానను. వారాల తరబడి అలసట తగ్గకపోతే, రోజూ చేసే పనులే చేతకాకుండా పోతే, చిన్న చప్పుళ్ళు కూడా భరించలేకపోతే, అది బర్నౌట్. బద్ధకమని నిన్ను నువ్వు తిట్టుకుని ఇంకా తోసుకోకు. నేను తోసుకున్నాను, తేరుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ స్థితిలో కమిటీకి ‘మూడు నెలలు రాలేను’ అని రాయడం కూడా హక్కుల పనిలో భాగమే. నువ్వు రాని రోజు నీ బదులు వెళ్ళడానికి ఇంకొకరిని ఇప్పటినుంచే వెతుక్కో. ఒంటరిగా ఈ పని చేయకు.

నా గది నాకు తిరిగి రాలేదు. కానీ తర్వాత చేరిన ఇంకో చోట లైటు గురించి లెటరు రాశాను. పదకొండు రోజులకి మార్చారు. ఆ రోజు మీటింగయ్యాక, అంతవరకూ నాతో ఎప్పుడూ మాట్లాడని ఒకాయన తలుపు దగ్గర ఆగి, ‘ఆ లైటు ఎవరు మార్పించారో తెలుసా? నాకు మైగ్రేన్. ఆరేళ్ళుగా మాత్ర వేసుకుని ఈ గదికి వస్తున్నాను’ అన్నాడు. నేనే అని చెప్పాలనుకున్నాను, మాట రాలేదు. చెయ్యెత్తి చూపించాను.

నీ లెటరు ఈ ఆదివారంలోగా రాసి నాకు పంపు, చూసి తిప్పి పంపుతాను. కుర్చీ కూడా తలుపు దగ్గర వేయమని చేర్చు, ఎప్పుడైనా లేచి బయటికి వెళ్ళాల్సి వస్తే ఎవరినీ దాటుకుని వెళ్ళక్కర్లేదు.

నీ పెద్దమ్మ