ఆపరేషన్ అయినంక పాపకు పాలెట్ల ఇయ్యాలె? నాకు పనికొచ్చింది చెప్తున్న

చెల్లె, ఆపరేషనై పన్నెండు దినాలు, కూసుంటే కుట్లు గుంజుతున్నయి, పాప రొమ్ము పట్టంగనే పాణం పోతున్నది అని రాసినవు. రెండేండ్ల కింద హన్మకొండల నాదీ అచ్చం గిదే కథ. పిల్లను ఒళ్లె పండవెట్టుకొని నేనే దాని మీదికి వంగేదాన్ని. వారానికే నడుము, మెడ రెండూ పట్టేసినయి. పిల్ల బరువంత కుట్ల మీదనే.

కుట్లు చూపియ్యవోతే నర్సమ్మ ఒకటే మాట అన్నది: "కోడిని చంకల వెట్టుకొని అంగడికి పోయేటోళ్లను చూసినవా? గట్ల పట్టుకో." నవ్వొచ్చింది గని, నిజంగ గంతే. పాప నీ పక్కకుంటది, కాళ్లు నీ వీపు దిక్కు. చెవుల కింద మెడ కాడ అరచేతితోని ఆపాలె. నెత్తిని ఎనుక నుంచి నూకితే అది ఇంకింత ఎనుకకు గుంజుకుంటది. రొమ్ము ఎత్తుకు పాప రావాలె, నువ్వు వంగొద్దు. మా మెత్తలు దూదివి, అణిగిపోయేటియి. అమ్మ కొత్తవాడ జంపఖానా గట్టిగ చుట్టి కింద వెట్టింది. ఇగ చెయ్యి గుంజుడు బంద్.

రొమ్ము మొన పగుళ్ల సంగతి వేరే. ఉత్త మొననే నోట్లె ఉంటే పగులుతది. మొనను పాప ముక్కుకు, పై పెదవికి తాకియ్యి. ఆవులించినట్టు నోరు పెద్దగ తెరిచేదాక ఆగి, అప్పుడు దగ్గరికి తీసుకో. చుట్టూ ఉన్న నల్లటి భాగం, కింది దిక్కుది ఎక్కువ, నోట్లెకు పోవాలె. గడ్డం రొమ్ముకు ఆనాలె. సరిగ పట్టలేదనిపిస్తే గుంజకు, చిటికెన వేలు నోటి మూలకు పెడితే వదులుతది. నాకు ఒక్కోసారి నాలుగైదు సార్లు మళ్ల పట్టియ్యాల్సి వచ్చేది, ఏడుపొచ్చేది.

రాత్రిపూట పక్కకు ఒరిగి పండుకొనే ఇచ్చిన. "చెవులకు పాలు పోతయ్" అని మా అత్తమ్మ ఒకటే లొల్లి. పిల్లల డాక్టరునే అడిగిన. పాప వెల్లకిల కాకుండ, ఒళ్లంత నీ దిక్కు తిరిగి ఉంటే ఏం కాదన్నడు. మెత్తలు, చెద్దర్లు దాని మొఖం కాడ ఉండొద్దు. సోఫాల కూసొని ఇచ్చుకుంట మాత్రం కునుకు తియ్యకు.

ఇప్పుడు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతది, ఉచ్చ 6 సార్లన్న పోస్తే పాలు సరిపోతున్నట్టే. జరమొచ్చినా, రొమ్ము ఎర్రగ గట్టిపడ్డా, కుట్ల కాడ చీమొచ్చినా ఆగకుండ దవాఖానకు పో.

ఏ దిక్కు ఎక్కువ నొస్తున్నది? ఈ రాత్రి ఆ దిక్కు చంకల పట్టి చూసి చెప్పు.