బీరు పీపాల అనువాదం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది వరంగల్. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎం.ఏ. జర్మన్ చదువుతోంది. ఒక అనువాద ఏజెన్సీ పరీక్షగా నాలుగు పేజీలు పంపింది. చూస్తే బీరు తయారీ, బీరు కెగ్‌ల (స్టీలు పీపాల) మీద జర్మన్ మాన్యువల్. ఇంగ్లీషులోకి మార్చాలట. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటే లేదు. పైగా అనువాదం ఇప్పుడు కంప్యూటరే చేస్తోంది కదా. ఈ దారిలో వెళ్లనివ్వాలా, బి.ఎడ్. చేయమనాలా? టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: ముందు బీరు సంగతి తేల్చేద్దాం. అలాంటి మాన్యువల్లో తాగడం గురించి ఒక్క ముక్క కూడా ఉండదండీ. స్టీలు పీపా, దాని మెడలో వాల్వు, గ్యాసు ఒత్తిడి, రబ్బరు సీళ్లు, లోపల కడిగే పద్ధతి, ఇవే ఉంటాయి. ఈ మాటలే రేపు డెయిరీ యంత్రానికి, ఎల్లుండి మందుల ఫ్యాక్టరీ ట్యాంకుకి పనికొస్తాయి. హైదరాబాద్ చుట్టూ ఆ రెండూ ఉన్నాయి. కాబట్టి ఇంట్లో ఎవరైనా అడిగితే ‘స్టీలు ట్యాంకుల పని’ అని చెప్పండి, అబద్ధమేం కాదు.

అసలు ప్రశ్న కంప్యూటర్ గురించి. ఒక్క మాట తీసుకుందాం. జర్మన్‌లో ‘ఫాస్’ అంటే పీపా. నిఘంటువు చూసి ‘బ్యారెల్’ అని రాసేస్తే? బ్రిటన్ బీరు వ్యాపారంలో బ్యారెల్ అంటే 36 గ్యాలన్ల కొలత, సుమారు 164 లీటర్లు. అమెరికాలో అదే మాటకు 31 అమెరికన్ గ్యాలన్లు, సుమారు 117 లీటర్లు. జర్మన్ కంపెనీ చెప్పింది మామూలు 50 లీటర్ల కెగ్ గురించి కావచ్చు. అప్పుడు పది పీపాల ఆర్డరు బ్రిటన్ చేరేసరికి మూడింతలు దాటిపోతుంది. పోనీ ‘కాస్క్’ అందామా అంటే, బ్రిటన్‌లో కాస్క్ బీరు వేరే రకం. అందులో బీరును పులియబెట్టే ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, గ్యాసు ఒత్తిడి పెట్టకుండానే పోస్తారు.

ఇంకోటి, కాస్త ప్రమాదకరమైనది. ‘కోలెన్‌జోయ్‌రె’ అనే మాటను విడదీస్తే కార్బానిక్ ఆమ్లం. కానీ బీరు పనివాళ్లు ఆ మాటతో చెప్పేది కార్బన్ డయాక్సైడ్ గ్యాసు గురించే. ఆమ్లం అని రాస్తే, సిలిండర్ దగ్గర నిలబడాల్సిన మనిషి యాసిడ్ డ్రమ్ము కోసం వెతుకుతాడు. ‘ష్టమ్‌వ్యుర్ట్సె 12 శాతం’ అని ఉంటే అది ఆల్కహాల్ కాదు. పులియక ముందు ఆ తియ్యటి మాల్టు రసంలో ఎంత సారం ఉందో చెప్పే లెక్క. అందులోంచి తయారయ్యే బీరులో ఆల్కహాల్ 5 శాతం చుట్టుపక్కల ఉంటుంది. బ్రిటన్‌లో అదే సంగతిని, ఆ రసం నీటికన్నా ఎంత చిక్కనో చెప్పే లెక్కలో, ‘ఒరిజినల్ గ్రావిటీ 1.048’ అని రాస్తారు. అంటే మాట మారిస్తే సరిపోదు, కొలమానం కూడా మార్చాలి.

చూడ్డానికి ఇంగ్లీషులాగే ఉండే మాటలు మరీ మోసం. కెగ్ మెడలో బిగించే వాల్వు, దానికింద అడుగుదాకా దిగే గొట్టం, రెంటినీ కలిపి జర్మన్లు ‘ఫిటింగ్’ అంటారు. ఇంగ్లీషు బీరు వ్యాపారంలో దాన్ని ‘స్పియర్’ అంటారు. ‘ఫిటింగ్’ అని వదిలేస్తే ప్లంబర్ సామాను అనుకుంటారు. అందులో ‘కోర్బ్‌ఫిటింగ్’, అంటే బుట్ట రకం, ఇంగ్లీషు క్యాటలాగులో ఎస్ టైప్. ‘ఫ్లాఖ్‌ఫిటింగ్’, అంటే చదును రకం, ఎ టైప్. బుట్ట అని అనువదిస్తే ఆ విడిభాగం ఏ షాపులోనూ దొరకదు. ‘హాన్’ అంటే కోడిపుంజు, కుళాయి కూడా. ఆ కుళాయిని బ్రిటన్ వాళ్లు ట్యాప్ అంటారు, అమెరికా వాళ్లు ఫాసెట్ అంటారు. మీ వరంగల్లో నల్లా, మా గుంటూరులో కుళాయి అయినట్టే.

యంత్రం వీటిలో చాలావాటిని ఇప్పుడు సరిగ్గానే పట్టుకుంటుంది, ఒప్పుకోవాలి. కానీ ఎక్కడ తప్పిందో అది చెప్పదు. దాన్ని పట్టుకునే మనిషికే ఇక ముందు డబ్బులు. మామూలు ఉత్తరాలు, వెబ్‌సైట్ల అనువాదం మీద బతకాలనుకుంటే మాత్రం నేను వద్దనే అంటాను, రేట్లు పడిపోతున్నాయి.

ఇంకో అడ్డంకి ఉంది. యూరప్ ఏజెన్సీలు ఎక్కువగా ఎవరి మాతృభాషలోకి వాళ్లు అనువదించేవాళ్లనే వెతుకుతాయి. మీ అమ్మాయికి ఇంగ్లీషు మాతృభాష కాదు. అందుకే ఆమెకు మంచి చోటు, జర్మన్ యంత్రాలు కొనే మన దేశపు ఫ్యాక్టరీలు, ఇక్కడ ఆఫీసులున్న జర్మన్ కంపెనీలు. అక్కడ చదివేది మన ఇంజనీర్లే. వాళ్లకు ఏ ఇంగ్లీషు అర్థమవుతుందో ఆమెకు తెలుసు. అనువాద సేవలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 17100 పాటించే ఏజెన్సీలు అనువాదంలో డిగ్రీ గానీ, వేరే డిగ్రీతో పాటు 2 ఏళ్ల పూర్తికాలపు అనుభవం గానీ, అసలు సంబంధిత డిగ్రీయే లేకపోతే 5 ఏళ్ల అనుభవం గానీ అడుగుతాయి. ఆ రెండేళ్లు ఎక్కడ సంపాదించాలన్నదే ఇప్పటి సమస్య. బి.ఎడ్. తలుపు రెండేళ్ల తర్వాత కూడా తెరిచే ఉంటుంది కాబట్టి ముందు ఇది చూడనివ్వండి.

ఈ వారం చేయాల్సింది చెబుతాను. బెర్లిన్‌లోని వి.ఎల్.బి., 1883 నుంచి బీరు తయారీ నేర్పుతున్న సంస్థ, ఒక పాఠ్యపుస్తకాన్ని జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ప్రచురిస్తోంది. అలాంటి జంట పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే నిఘంటువు కన్నా మేలు. ఒమెగా-టి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తన పదాల పట్టిక మొదలుపెట్టమనండి. హైదరాబాద్‌లో బీరు సొంతంగా కాచే రెస్టారెంట్లున్నాయి. పగటిపూట, జనం లేనప్పుడు, మీరే వెంట వెళ్లి ఆ కెగ్‌ను ఒకసారి చూపించమని అడగండి. వాల్వు ఎలా నొక్కుకుంటుందో కళ్లారా చూస్తే నాలుగు పేజీల్లో సగం అర్థమైపోతుంది. మీకూ కొంత బెరుకు పోతుంది.

పరీక్ష గడువు ఎప్పుడో మీరు రాయలేదు. టైముంటే అనువాదం పంపేముందు ఏజెన్సీకి రెండు ప్రశ్నలు రాయమనండి. ఇది చదివేది బ్రిటన్ వాళ్లా, అమెరికా వాళ్లా, మన ఇంజనీర్లా? కంపెనీ ఇప్పటికే వాడుతున్న పదాల పట్టిక ఏమైనా ఉందా? అడిగితే తెలియదనుకుంటారేమో అని పిల్లలు భయపడతారు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లు ముందు చూసేది ఆ ఈమెయిలే.