సౌర విద్యుత్తు చౌకయ్యాక కూడా స్వచ్ఛ ఇంధన పరిశోధనకు ప్రభుత్వాలు ఎందుకు ఖర్చు పెడుతున్నాయి?

ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన మార్కెట్టుకు చేరడానికి తరచూ రెండు మూడు దశాబ్దాలు పడుతుంది, అంతకాలం లాభం లేకుండా ఎదురుచూసే ఓపిక ప్రైవేటు పెట్టుబడికి సాధారణంగా ఉండదు కాబట్టి. పైగా ఒక సంస్థ సొంత ఖర్చుతో కనుక్కున్నదాన్ని పోటీదారులు ఏదో ఒక రూపంలో వాడుకుంటారు. ఉద్గారాలు తగ్గితే కలిగే మేలు ఎలాగూ అందరిదీ. ఆ మేలుకు బిల్లు వేసే వీలు కంపెనీకి ఉండదు.

ఈ రోజు మనం చూసే సౌర ఫలకాల్లో చాలావాటిలో ఉన్న ‘పెర్క్’ రకం ఘటాన్నే (ఎండను విద్యుత్తుగా మార్చే చిన్న పలకను) తీసుకోండి. ఘటం వెనుకవైపు పలుచని రక్షణ పొర వేస్తే, అక్కడ వృథా అయ్యే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, లోపలికి చొచ్చుకుపోయిన కాంతి వెనక్కి తిరిగివస్తుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ బృందం 1989లోనే 22.8 శాతం సామర్థ్యంతో దీన్ని చేసి చూపింది. కర్మాగారాల్లో భారీగా తయారీ మొదలైంది మాత్రం 2010ల్లో!

ఫలకాలు చౌకయ్యాయి కనుక ఇక పరిశోధన అనవసరం అన్నది చాలామంది అపోహ. విద్యుత్తు మొత్తం సమస్యలో ఒక భాగమే. సిమెంటు పరిశ్రమ ఉద్గారాల్లో సగానికి పైగా ఇంధనం వల్ల రావు, సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బట్టీని పూర్తిగా సౌర విద్యుత్తుతో నడిపినా అది ఆగదు. దానికి వేరే రసాయన ప్రక్రియైనా కావాలి, వెలువడిన వాయువును పట్టి నిల్వచేసే పద్ధతైనా కావాలి. ఈ రెండూ ఇంకా ఖరీదైనవే.