శాంపిళ్లతో పనిచేసే సబ్‌ట్రాక్టివ్ సింథసైజర్‌ను రాయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

హార్మోనియం స్వరాలను రికార్డు చేసి, ఆ శాంపిళ్ల ఆధారంగా సబ్‌ట్రాక్టివ్ (ధ్వనిలో అక్కర్లేని పౌనఃపున్యాలను ఫిల్టర్‌తో తీసివేసి స్వరాన్ని మలిచే) సాఫ్ట్‌వేర్ సింథసైజర్ రాయాలనుకుంటున్నానని, ముందు ఫిల్టర్ రాయాలా అని మీరు అడిగారు. సీ ప్లస్ ప్లస్‌లో ఇటువంటిదే రాసిన అనుభవంతో చెబుతున్నాను: రికార్డింగును చదివే భాగాన్ని ముందు రాయండి. ఫిల్టర్ ధ్వనిలోని కొంత భాగాన్ని తీసివేయగలదే తప్ప, అప్పటికే స్వరంలో కలిసిపోయిన దోషాన్ని విడదీయలేదు.

ఒక స్వరస్థానం పైకి వెళ్లడానికి రికార్డింగును సుమారు 1.0595 రెట్లు, ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి వెళ్లడానికి 2 రెట్లు వేగంగా చదవాలి. 44,100 హెర్ట్జ్ శాంపిల్ రేటులో, అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచినప్పుడు, అందులో సగమైన 22,050 హెర్ట్జ్‌కు మించినదేదీ నిలవదు కనుక, 15,000 హెర్ట్జ్ దగ్గరి హార్మోనిక్ (మూల స్వరంతో పాటు మోగే పై పౌనఃపున్యం) రెట్టింపు వేగంలో 30,000కు చేరి, అక్కడి నుంచి వెనక్కు మడతపడి, 14,100 హెర్ట్జ్ దగ్గర శ్రుతికి పొంతన లేని కూతగా వినిపిస్తుంది. ప్రతి మూడు స్వరస్థానాలకు ఒక రికార్డింగు ఉంటే దేన్నీ ఒక స్వరస్థానానికి మించి జరపనక్కర లేదు. ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ శ్రమ కలిగించింది లూప్, అంటే మీట నొక్కి ఉన్నంతసేపూ రికార్డింగులో మళ్లీ మళ్లీ చదివే భాగం. హార్మోనియంలో ఒకే స్వరానికి రెండు రీడ్లు మోగుతున్నప్పుడు వాటి మధ్య ఉండే స్వల్పమైన తేడా వల్ల విస్పందనాలు పుట్టి, ధ్వని నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. లూప్ చివరి భాగాన్ని, లూప్ మొదలుకు ముందున్న భాగంతో క్రమంగా కలిపితే టక్కుమనే శబ్దం పోతుంది. కానీ లూప్ పొడవులో విస్పందనాలు పూర్తి సంఖ్యలో ఇమడకపోతే, స్వరం ప్రతి చుట్టులోనూ అదే చోట కుంటుతుంది. ఈ పని చెవితోనే చేయాలి.

ఫిల్టర్‌కు స్టేట్ వేరియబుల్ నమూనా చాలు. ఒకటి కటాఫ్ (ఫిల్టర్ కోత మొదలయ్యే పౌనఃపున్యం) దాటాక స్థాయికి 12 డెసిబెల్స్ తగ్గిస్తుంది, రెండింటిని వరుసగా పెడితే 24 తగ్గిస్తాయి. దాన్ని ట్రెపిజాయిడల్ అనే గణన పద్ధతిలో రాస్తే ఎన్వలప్ (స్వరం మోగుతుండగా దాని గుణాన్ని కాలంతో మార్చే భాగం) కటాఫ్‌ను ఎంత వేగంగా కదిలించినా అదుపు తప్పదు. ఆ కదలికను హెర్ట్జ్‌లలో కాక స్థాయిల లెక్కన ఇవ్వండి, ఎందుకంటే చెవి వినేది అలాగే. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 సింథసైజర్ ఫిల్టర్‌కు రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి ధ్వనిని పెంచే గుణం) లేదు. మీరూ మొదటి రూపంలో దాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చు.

ప్రతి వాయిస్‌కు, అంటే ఒకేసారి మోగే స్వరాల్లో ఒక్కొక్కదానికి, సొంత రీడర్, సొంత ఫిల్టర్, రెండు ఎన్వలప్‌లు ఉండాలి. 128 శాంపిళ్ల (ఇక్కడ ఒక్కొక్క ధ్వని కొలత) బఫర్‌కు, అంటే ఒక విడతలో తయారుచేసే ధ్వని ముక్కకు, దొరికే సమయం 2.9 మిల్లీసెకన్లే కాబట్టి, దాన్ని తయారుచేసే ఆడియో థ్రెడ్‌లో ఫైలు చదవడం, మెమరీ కేటాయించడం, లాక్ కోసం ఆగడం పనికిరావు. వాయిస్‌లు అయిపోతే, మీట వదిలేసిన స్వరాల్లో అన్నిటికంటే పాతదాన్ని ఎంచుకుని, కొన్ని మిల్లీసెకన్లలో దాని ధ్వనిని సున్నాకు దించిన తర్వాతే కొత్త స్వరాన్ని మొదలుపెట్టండి.