ఫ్లయింగ్ నేర్చుకోవాలి: ఆగనా, అప్పు చేసి విమానంలో వాటా కొననా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం, హెచ్-1బి. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ చేయాలని ఉంది. చేతిలో 9,000 డాలర్లున్నాయి, నెలకు 1,500 మిగులుతుంది. పైలట్ల సంఘం ఏఓపీఏకి కొత్త నాయకత్వం వచ్చింది, ఖర్చులు తగ్గుతాయంటున్నారు. ఆగమంటారా? పాత సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం)లో పావు వాటా 25,000కి వస్తోంది. అప్పు చేసి తీసుకోమంటారా?

జవాబు: ఏఓపీఏ అధ్యక్షుడిగా 2013 నుంచి ఉన్న మార్క్ బేకర్ తప్పుకుని, 2025 మొదట్లో డారెన్ ప్లెజెన్స్ వచ్చారు. ఆ కుర్చీలో ఎవరున్నా విమానం గంట అద్దె వాళ్ల చేతిలో లేదు. దాన్ని తేల్చేవి ఫ్యూయల్, ఇన్సూరెన్స్, మెకానిక్ కూలీ. సంఘం కదిలించగలిగేది రూల్స్‌నే. బేకర్ హయాంలో, 2017 మే 1న బేసిక్‌మెడ్ (పైలట్ల ప్రత్యేక ఆరోగ్య పరీక్ష బదులు మామూలు డాక్టరు పరీక్షతో ఎగరనిచ్చే రూల్) రావడం అలాంటిదే. కాబట్టి కొత్త అధ్యక్షుడి కోసం ఆగకండి. మీ డబ్బు కోసం మాత్రం రెండు నెలలు ఆగండి.

ఎందుకంటే, చట్టం ప్రకారం 40 గంటలు చాలు గానీ ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవాళ్లు 60 వేసుకోవాలి. ఫ్యూయల్ కలిపి గంటకు 170 చొప్పున అద్దె 10,200. ఇన్‌స్ట్రక్టర్‌కి గంటకు 70 చొప్పున, గ్రౌండ్ క్లాసులతో కలిపి మరో 60 గంటలకు 4,200. మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్), రాత పరీక్ష, హెడ్‌సెట్, చివర్లో ఎగ్జామినర్ ఫీజు కలిపి 2,100. మొత్తం 16,500. వారానికి మూడుసార్లు వెళ్తే అయిదు నెలల్లో అయిపోతుంది. ఇవాళే మొదలుపెడితే మీ దగ్గర సరిగ్గా 16,500 అవుతుంది, ఒక్క డాలరు మిగలదు. రెండు నెలలు ఆగితే 3,000 వెసులుబాటు. డబ్బు చాలక మధ్యలో నెల గ్యాప్ వస్తే ల్యాండింగులు మళ్లీ మొదటికొస్తాయి. అలా 15 గంటలు పెరిగితే 3,600 ఎగిరిపోతాయి. ఈ 9,000 మీ అత్యవసర నిధి అయితే అసలు ముట్టుకోకండి, ఉద్యోగం పోతే హెచ్-1బికి ఉండే గడువు 60 రోజులే. డిస్కౌంట్ ఇస్తామన్నా స్కూలుకి ముందే మొత్తం కట్టొద్దు. అది మూతపడితే మీ డబ్బు తిరిగి రావడం కష్టం.

ఆ రెండు నెలలూ ఖాళీ ఏమీ కాదు. మీరు అమెరికా పౌరులు కాదు కనుక ట్రైనింగ్ మొదలయ్యేలోపు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) క్లియరెన్స్ రావాలి, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకైనా ఇంతే. రాత పరీక్ష కూడా అప్పుడే రాసేయండి.

మెడికల్ దగ్గర తొందరపడొద్దు. 2025 అక్టోబర్ 22న మొజాయిక్ రూల్స్ (చిన్న విమానాలపై అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ తెచ్చిన కొత్త నిబంధనలు) అమల్లోకి వచ్చాక, 20 గంటల కనీసంతో వచ్చే, ప్రైవేట్ కన్నా చిన్నదైన స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్ మీద కూడా చాలా 172లు నడపొచ్చు. మెడికల్ బదులు డ్రైవింగ్ లైసెన్స్ చాలు. కాకపోతే వెంట ఒక్కరినే ఎక్కించుకోవాలి. భార్యాపిల్లలతో వెళ్లాలంటే ప్రైవేటే గతి. అసలు మెలిక ఏమిటంటే, మెడికల్‌కి అప్లై చేసి తిరస్కరణ వచ్చిందా, డ్రైవింగ్ లైసెన్స్ దారి కూడా మూసుకుపోతుంది. షుగర్, స్లీప్ ఆప్నియా, డిప్రెషన్ మందులు ఏవైనా ఉంటే మెడికల్ ఎగ్జామినర్‌తో ముందు కన్సల్టేషన్ మాత్రమే తీసుకోండి. మెడికల్ కోసం ఆన్‌లైన్‌లో నింపిన ఫారం నంబరు అప్పుడే ఆయన చేతిలో పెట్టకండి, పెడితే అప్లై చేసినట్టే.

ఇక వాటా. హ్యాంగర్ నెలకు 300, ఇన్సూరెన్స్ 2,400, ఏడాది తనిఖీకి 3,000 అనుకుంటే ఏడాదికి మొత్తం 9,000, మీ వంతు 2,250. 25,000 మీద నాలుగు శాతం వడ్డీ పోయిందనుకుంటే మరో 1,000. గంటకు ఎనిమిదిన్నర గ్యాలన్ల ఫ్యూయల్, ఇంజిన్ నిధికి (ముందుముందు ఇంజిన్ విప్పి బాగుచేయించే ఓవర్‌హాల్ కోసం దాచేది) 20, ఆయిల్ వగైరా కలిపి 81 దాకా అవుతుంది. అద్దెతో పోలిస్తే గంటకు 89 మిగులు. అంటే ఏడాదికి 37 గంటలు దాటి ఎగిరితేనే లాభం. అప్పు తెస్తే వడ్డీ రెట్టింపవుతుంది, ఆ 37 కాస్తా 48 అవుతుంది. లైసెన్స్ వచ్చాక మొదటి ఏడాది అన్ని గంటలు ఎగిరేవాళ్లు తక్కువ.

తర్వాతెప్పుడో కొనేటప్పుడైనా ముందు ట్యాక్ మీటర్ (ఇంజిన్ తిరిగిన గంటలు చూపేది) చూడండి, తర్వాత వాటాదారుల ఇంజిన్ నిధి బ్యాంక్ స్టేట్‌మెంట్. ఇంజిన్ ఓవర్‌హాల్‌కి తయారీదారు చెప్పే గడువు సాధారణంగా 2,000 గంటలు. 1,700 గంటలు తిరిగిన ఇంజిన్‌కి, గంటకు 20 చొప్పున, నిధిలో 34,000 ఉండాలి. ఖాతాలో 6,000 కనిపిస్తే, తక్కిన 28,000లో పావు, అంటే 7,000, ధరలోంచి తగ్గించమనండి. తగ్గించకపోతే ఓవర్‌హాల్ నాటికి ఆ 7,000 మీ జేబులోంచే పోతుంది.

ఇండియాలో తీసుకున్న పాలసీలు కూడా తిరగేయండి. విమాన ప్రమాదమైతే చాలా యాక్సిడెంట్ రైడర్లు టికెట్ కొన్న ప్రయాణికుడికే వర్తిస్తాయి, నడిపేవాడికి కాదు. అమెరికాలో టర్మ్ పాలసీ తీసుకోకపోయి ఉంటే, మొదటి పాఠానికి ముందే తీసుకోండి. ఫ్లయింగ్ చేసే ఆలోచన ఉందా అని ఫారంలో అడిగితే మాత్రం దాచకండి, అబద్ధమని తేలితే క్లెయిమ్ ఆపేస్తారు.