బైక్ రైడింగ్ జాకెట్ సైజు కుదరక ఇబ్బంది పడుతున్న ఆడవాళ్లకు

మగవాళ్ల స్మాల్ సైజు జాకెట్ భుజాల దగ్గర వదులుగా, తుంటి దగ్గర బిగుతుగా ఉందన్నారు కదండీ, దాన్ని మార్చేయండి. మోచేతి ప్యాడ్ పక్కకు జారిపోతే, పడ్డప్పుడు అది ఉన్నా లేనట్టే. ఆడవాళ్ల కొలతలకు కుట్టినదే తీసుకుని, బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుని చూడండి. అద్దం ముందు నిలబడి చూస్తే ఏమీ తెలియదు. లేబుల్‌ మీద ఈఎన్ 17092 ఏఏ (రైడింగ్ దుస్తులకు యూరప్ భద్రతా ప్రమాణం), ప్యాడ్లకు ఈఎన్ 1621 లెవల్ 2 (దెబ్బను తట్టుకునే ప్యాడ్ల ప్రమాణం) ఉంటే మంచిది. చాలా జాకెట్లలో వెన్ను దగ్గర ఉత్త స్పాంజే ఉంటుంది (అదేం పిసినారితనమో!), తీసేసి అసలైన బ్యాక్ ప్రొటెక్టర్ (వెన్నును దెబ్బ నుంచి కాపాడే ప్యాడ్) పెట్టుకోండి. హెల్మెట్ చూసేటప్పుడు జడ మెడ దగ్గర కిందికి వేసుకోండి, కొప్పు ఉంటే సరిగా కూర్చోదు. బూట్లు చీలమండను కప్పాలి. డబ్బు ఒకేసారి సరిపోకపోతే ముందు హెల్మెట్, గ్లవ్స్, జాకెట్ కొనండి.