గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే పెద్ద కంపెనీ గ్రీన్‌హౌస్ వాయువులను ఎలా తగ్గించుకోవచ్చు?

ముందు కరెంటు వృథా ఆపి, మిగిలిన వాడకంలో వీలైనంత సోలార్‌కు మార్చుకోవడమే ఎక్కువ ఫలితమిచ్చే దారి.

ఎందుకంటే మన గ్రిడ్ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. దేశ సగటు చూస్తే ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పొగ ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో లేచినా, ఆ కరెంటు కొన్న కంపెనీ దాన్ని తన ఉద్గారాల లెక్కలో స్కోప్ 2 (కొన్న కరెంటు పద్దు) కింద చూపాలి. జనరేటర్ డీజిల్, సొంత లారీలు, చల్లబరిచే గ్యాస్ లీకులు స్కోప్ 1, అంటే కంపెనీ నేరుగా వదిలేవి. అద్దె లారీలు, సరఫరాదారుల వాటా స్కోప్ 3. లెక్క తేల్చడం కష్టమయ్యేది ఇక్కడే.

ఉదాహరణకు, ఏటా 10 లక్షల యూనిట్లు వాడే కంపెనీ తలుపుల సందులు మూసి, పాత ఇన్సులేషన్ మార్చి, కంప్రెసర్లకు వేగం నియంత్రించే డ్రైవ్‌లు పెట్టి 20 శాతం ఆదా చేసిందనుకుందాం. 2 లక్షల యూనిట్లు, అంటే ఏడాదికి దాదాపు 140 టన్నులు తగ్గినట్టే. పైగా చల్లదనం ఎక్కువ కావాల్సిన ఎండాకాలంలోనే సోలార్ కూడా బాగా పనిచేస్తుంది.

చల్లబరిచే గ్యాస్ సంగతీ చూడాలి. అమ్మోనియా విషవాయువే గానీ భూమిని వేడెక్కించదు. అదే ఆర్-404ఏ అనే మరో చల్లబరిచే గ్యాస్ ఒక్క కిలో లీకైతే సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

మొక్కలు నాటితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మొక్కలు మంచివే, కానీ అవి పెరిగి కార్బన్ పీల్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా మీటరు తిరుగుతూనే ఉంటుంది. నాటిన మొక్కల సంఖ్య ఉద్గారాల తగ్గింపు కిందకు రాదు.